వానాకాలంలో ముక్తినాథ్ ప్రయాణం: పోఖరా నుంచి కొండెక్కి క్షేమంగా తిరిగొచ్చేదాకా

"మా అత్తయ్యకి అరవై ఎనిమిదేళ్లు. శ్రావణంలోనే నేపాల్‌లోని ముక్తినాథుణ్ణి చూడాలంటోంది. తీసుకెళ్లొచ్చా?" ఏటా జూన్ వచ్చేసరికి ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తాయి. దేనికి ఎంత ఖర్చు, ఏ హోటల్ బాగుంటుంది అన్నవి ఎవరైనా చెబుతారు. వానలో నేపాల్ కొండదారి మీద ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే మొదటి నిర్ణయం నుంచి చివరి రోజు దాకా వరుసగా రాస్తున్నాను.

వీలుంటే అక్టోబర్, నవంబర్‌కి వాయిదా వేసుకోండి. అప్పుడు ఆకాశం తేటగా ఉంటుంది, దారి కూడా నయం. వాయిదా కుదరనివాళ్లు కింద చెప్పిన క్రమం తప్పకుండా పాటించండి.

## 1. ముందు వెళ్లాలా వద్దా తేల్చుకోండి

నేపాల్‌లో వానలు జూన్ రెండో వారం తర్వాత మొదలై సెప్టెంబర్ చివరిదాకా ఉంటాయి. ఏడాది మొత్తం వానలో సుమారు 80 శాతం ఈ నాలుగు నెలల్లోనే పడుతుంది. జూలై, ఆగస్టు నెలలు అన్నిటికంటే గడ్డువి.

ఒక విషయం చాలామందికి తెలియదు. ముక్తినాథ్, జోమ్‌సోమ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా అన్నపూర్ణ, ధవళగిరి పర్వతాల వెనక ఉంటుంది. మేఘాలు ఇవతలే కురిసిపోతాయి, అవతల వాన చాలా తక్కువ. పోఖరా దగ్గరున్న లుమ్లేలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది, జోమ్‌సోమ్‌లో మాత్రం నేల ఎండిపోయి ఉంటుంది. అంటే మీకు కష్టం గుడి దగ్గర కాదు, గుడికి వెళ్లే దారిలో.

అలాగని పైన పూర్తిగా నిశ్చింత అనుకోవద్దు. 2023 ఆగస్టులో కాగ్‌బేనీ ఊరి మీదికి వాగు ఒక్కసారిగా బురదతో వచ్చిపడి ఇళ్లను ముంచేసింది. ఆ చుట్టుపక్కల ఇళ్లకు మట్టి కప్పులు ఎక్కువ. పెద్ద వానకు అలవాటుపడ్డ ఊళ్లు కావు అవి.

వీళ్లు వానాకాలంలో వెళ్లకపోవడమే మంచిది:

- గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు
- గర్భిణులు, పసిపిల్లలతో ఉన్నవాళ్లు
- దారి తెగితే అరగంట రాళ్లలో నడవలేనివాళ్లు
- ఫలానా తేదీకి ఇంట్లో ఉండి తీరాల్సినవాళ్లు

చివరి మాట తేలిగ్గా తీసుకోవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నెమ్మదిగానైనా పైకి చేర్చొచ్చు. సోమవారం ఆఫీసులో ఉండాలనే మనిషి మాత్రం ఆదివారం రాత్రి వానలోనే డ్రైవర్‌ని బయల్దేరదీస్తాడు.

## 2. రోజుల లెక్క వేసుకోండి

ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ట్రావెల్స్ వాళ్లు పోఖరా నుంచి పోఖరాకి మూడు రోజులు అంటారు. వానాకాలంలో ఆ లెక్క పనికిరాదు. సునౌలీ సరిహద్దు నుంచి మళ్లీ సునౌలీకి తొమ్మిది రోజులు పెట్టుకోండి.

- 1వ రోజు: సునౌలీ నుంచి పోఖరా. తెల్లవారగానే బయల్దేరాలి.
- 2వ రోజు: పోఖరాలో విశ్రాంతి. దారి కబురు కనుక్కోవడం, పర్మిట్, జీపు మాట్లాడుకోవడం.
- 3వ రోజు: పోఖరా నుంచి బేనీ మీదుగా తాతోపానీ (సుమారు 1,200 మీటర్ల ఎత్తు).
- 4వ రోజు: తాతోపానీ నుంచి ఘాసా, కాలోపానీ మీదుగా మార్ఫా లేదా జోమ్‌సోమ్ (సుమారు 2,700 మీటర్లు).
- 5వ రోజు: పొద్దున్నే ముక్తినాథ్ (సుమారు 3,700 మీటర్లు), దర్శనం, సాయంత్రానికి మళ్లీ కిందికి.
- 6వ రోజు: పోఖరా వైపు తిరుగు ప్రయాణం.
- 7, 8 రోజులు: ఖాళీ. వీటిలో ఏ పనీ పెట్టుకోవద్దు.
- 9వ రోజు: సునౌలీ.

ఆ రెండు ఖాళీ రోజులు చూసి "డబ్బు దండగ" అనే బంధువులు ప్రతి గుంపులో ఒకరుంటారు. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఖాళీ రోజు పెట్టుకోలేదు. ఘాసా దగ్గర దారి తెగి రెండు రాత్రులు ఆగిపోయాం. గోరఖ్‌పూర్‌లో మా రైలు మేము లేకుండానే వెళ్లిపోయింది. అమ్మ బీపీ మాత్రలు సరిగ్గా రోజుల లెక్కన తెచ్చుకుంది, రెండో రాత్రికి అయిపోయాయి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

రోడ్డు సాఫీగా ఉంటే ఖాళీ రోజులు పోఖరాలో ఫేవా చెరువు ఒడ్డున గడుస్తాయి, నష్టమేమీ లేదు. తిరుగు రైలు లేదా విమానం టికెట్ 9వ రోజు సాయంత్రం కాకుండా 10వ రోజుకి తీసుకోండి.

## 3. కాగితాలు, డబ్బు

భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ ఉండాలి. 15 ఏళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు ఆధార్ చూపొచ్చు. మధ్య వయసువాళ్లు ఆధార్ ఒక్కటే పట్టుకొచ్చి సరిహద్దులో చిక్కుల్లో పడడం మామూలైపోయింది, జాగ్రత్త.

ముక్తినాథ్ దారి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది. అందులోకి వెళ్లడానికి కావాల్సిన ఏకాప్ (ACAP) పర్మిట్ పోఖరాలోనే తీసుకోండి. మనతో సహా సార్క్ దేశాలవాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు. రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు దగ్గర పెట్టుకోండి.

మన 100 రూపాయలు అక్కడ 160. ఈ రేటు మారదు. మన పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి 100 నోట్లే తీసుకెళ్లడం సుఖం. పోఖరాలో చాలా దుకాణాల్లో యూపీఐ నడుస్తుంది. బేనీ దాటాక కరెంటు, సిగ్నల్ రెండూ పోవచ్చు. అందుకని ఐదు రోజుల భోజనం, గది, జీపు ఖర్చుకు సరిపడా నేపాలీ నోట్లు పోఖరాలోనే మార్చుకుని ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి.

## 4. విమానమా, జీపా?

పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి చిన్న విమానంలో సుమారు 20 నిమిషాలు. కాళీగండకీ నది లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి విపరీతంగా పెరుగుతుంది, అందుకే విమానాలన్నీ ఉదయంపూటే. వానాకాలంలో మబ్బు కమ్మితే వరసగా రెండు మూడు రోజులు రద్దవుతాయి. టికెట్ కొనండి, కానీ దాన్ని నమ్ముకుని మిగతా రోజులు పేర్చొద్దు. రద్దయితే డబ్బు ఎలా వెనక్కి వస్తుందో కొనేముందే అడిగి తెలుసుకోండి. మబ్బులో "ఎలాగైనా పంపించండి" అని కౌంటర్ దగ్గర ఒత్తిడి చేయడం మాత్రం వద్దే వద్దు. కొండల మధ్య ఎగరాలంటే పైలట్‌కి కళ్లతో దారి కనిపించాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. విమానంలో వెళ్తే 800 మీటర్ల ఎత్తు నుంచి 2,700 మీటర్లకు ఇరవై నిమిషాల్లో చేరతారు. అదే రోజు ముక్తినాథ్ ఎక్కేస్తే తలనొప్పి, వాంతులు పట్టుకునే అవకాశం ఎక్కువ. ఆ రాత్రి మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో పడుకుని మర్నాడు ఎక్కండి.

నా సలహా జీపే. ఎండ రోజుల్లో పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి 8, 9 గంటలు పడుతుంది. వానలో దాన్ని రెండు రోజులుగా విడగొట్టుకోవాలి. జీపు మాట్లాడేటప్పుడు ఇవి చూడండి:

- నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి అయి ఉండాలి. పెద్ద బస్సు, చిన్న కారు రెండూ వద్దు.
- టైర్ల గాడులు మీరే వేలు పెట్టి చూడండి. నున్నగా ఉంటే వేరే బండి అడగండి.
- డ్రైవర్ ఈ వానాకాలంలోనే ఆ దారిలో వెళ్లొచ్చినవాడై ఉండాలి.
- దారి తెగితే ఆగిన రోజుకు ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి. ఈ మాట ముందు తేలకపోతే ఆగాల్సిన చోట డ్రైవర్ ఆగడు.
- లగేజీ పైన కడితే టార్పాలిన్ ఉందా అని అడగండి.

సొంత కారులో వచ్చేవాళ్లు సరిహద్దులో భన్సార్ (బండికి కట్టే నేపాల్ సుంకం) కట్టి పోఖరా దాకా రావచ్చు. కారుని అక్కడే ఉంచి జీపు ఎక్కండి.

సునౌలీ నుంచి పోఖరాకి రెండు దారులున్నాయి. బుట్వల్, పాల్పా మీదుగా వెళ్లేది దగ్గర, కానీ బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర రాళ్లు పడే చోటు ఉంది. నారాయణ్‌గఢ్, ముగ్లింగ్ మీదుగా వెళ్లేది దూరం. దానిలోనూ ముగ్లింగ్ ముందు ముక్క ప్రమాదకరమే. ఏది ఎంచుకోవాలో ఆ రోజు ఉదయం తెలిసిన కబురు బట్టే తేల్చుకోండి, ముందుగా కాదు.

## 5. సంచిలో ఏముండాలి

బట్టలు తడవకుండా చూసుకోవడం సగం పని. సూట్‌కేస్ లోపల ప్రతి జతనీ విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టండి. గొడుగు కొండగాలికి తిరగబడుతుంది, రెయిన్‌కోటు ప్యాంటుతో సహా తీసుకోండి.

- పట్టున్న అడుగు గల బూట్లు, గదిలోకి వేరే చెప్పులు
- ఉన్ని టోపీ, స్వెట్టర్, మేజోళ్లు మూడు జతలు (పైన ఆగస్టులోనూ తెల్లవారుజామున చలే)
- టార్చి, పవర్‌బ్యాంకు
- రోజువారీ మందులు అవసరమైన దానికంటే ఐదు రోజులు ఎక్కువ, రెండు సంచుల్లో
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు, దూది, బ్యాండేజీ
- దోమల క్రీము, ఒక చిన్న పొట్లం ఉప్పు (జలగలకి)
- అటుకులు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, పులిహోర పేస్టు, కారప్పొడి
- కాగితాల జిరాక్సులు, డాక్టరు చీటీ

దారి తెగినచోట ఆ చిక్కీలే ఆకలి తీరుస్తాయి. దుకాణాల్లో నూడుల్స్ కూడా అయిపోయిన రోజులు చూశాను.

## 6. బయల్దేరే రోజు ఉదయం చేయాల్సినవి

ఇది వరుసగా చేయండి, ఏదీ దాటేయొద్దు.

1. నేపాల్ జలవాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఆ జిల్లాల సూచన చూడండి. మ్యాగ్దీ, ముస్తాంగ్, కాస్కీ పేర్లు వెతకాలి. వరద సమాచారానికి 1155 నంబరు ఉంది.
2. హోటల్ వాళ్ల చేత ట్రాఫిక్ పోలీసుకి, 103కి, ఫోన్ చేయించండి. నేపాలీలో వాళ్లే అడిగితే జవాబు సూటిగా వస్తుంది.
3. అటు నుంచి నిన్న దిగిన డ్రైవర్‌తో మాట్లాడండి. అన్నిటికంటే నమ్మదగిన కబురు ఇదే.
4. రాత్రంతా ఎంత వాన పడిందో చూడండి. ఇప్పుడు ఎండ కాస్తున్నా, రాత్రి కుండపోత అయితే కొండ నానిపోయి ఉంటుంది. ఆ రోజు ఆగండి.
5. అన్నీ బాగుంటే ఆరు గంటలకల్లా బండిలో ఉండండి. సాయంత్రం నాలుగుకి బస చేరాలి.

ఈ కొండవాలుల్లో వాన ఎక్కువగా రాత్రిళ్లు పడుతుంది. కాబట్టి రాత్రి ప్రయాణం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 2024 జూలై 12న తెల్లవారుజామున నారాయణ్‌గఢ్, ముగ్లింగ్ మధ్య సిమల్‌తాల్ దగ్గర కొండ విరిగి రెండు బస్సులు త్రిశూలీ నదిలో పడిపోయాయి. వాటిలో 60 మందికి పైగా ఉన్నారు. ఈ రోజుల్లో చాలా జిల్లాల్లో వానలప్పుడు రాత్రి బండ్లు నడపనివ్వరు. "నేను పోనిస్తాను లెండి" అనే డ్రైవర్‌ని మార్చేయండి.

ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసుకోండి. పహిరో అంటే కొండచరియ. ఖోలా అంటే వాగు. "బాటో ఖులేకో ఛ?" అంటే దారి తెరిచి ఉందా. "ఉమాలేకో పానీ" అంటే కాచిన నీళ్లు.

## 7. దారిలో: కొండ విరిగిన చోట ఏం చేయాలి

ఈ భాగం బండిలో అందరికీ చదివి వినిపించండి.

ఆగిన వరసలో ఎక్కడ నిలబడ్డామో చూసుకోవాలి. ముందు పహిరో పడితే బండ్లు బారులు తీరతాయి. 2024 సెప్టెంబర్ చివర్లో ధాదింగ్ జిల్లాలో ఝ్యాప్లే ఖోలా దగ్గర అలా రాత్రి ఆగిపోయిన బండ్ల మీదే మరో చరియ పడింది. లోపల నిద్రపోతున్నవాళ్లు పోయారు. పైన నిటారు మట్టికొండ ఉన్నా, పక్కన వాగు దిగుతున్నా అక్కడ ఆగొద్దు. వెనక్కి తిప్పి దగ్గర్లోని ఊరికో, వెడల్పాటి చదును నేలకో వెళ్లండి. వరసలో చోటు పోతే పోనివ్వండి.

గుర్తులు. చిన్న రాళ్లు చిటపటమని రాలడం, చెట్లు వంగడం, రోడ్డు మీద కొత్త పగుళ్లు, వాగు నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారడం. నీళ్లు ఒక్కసారిగా తగ్గినా భయపడాల్సిందే. పైన ఎక్కడో అడ్డుపడిందని అర్థం, అది తెగితే అంతా ఒకేసారి వస్తుంది.

వాగు రోడ్డు మీద పారుతుంటే. జోరుగా పారే నీళ్లు అర అడుగు లోతున్నా మనిషిని పడగొడతాయి. రెండడుగులుంటే జీపుని కూడా లాక్కుపోతాయి. రుప్సే జలపాతం లాంటి చోట్ల జల్లు రోడ్డు దాకా వస్తుంది, అక్కడ దిగి ఫోటోలు తీసుకోవద్దు. ముందు వెళ్లిన బండి అవతలికి చేరేదాకా మీ బండి కదలకూడదు.

నడిచి దాటాల్సి వస్తే. తెగిన చోట ఇటు బండి దిగి, నడిచి, అటు వేరే బండి ఎక్కడం ఆ దారిలో మామూలే. వాన ఆగి ఉండాలి, పైనుంచి రాళ్లు రాలకూడదు, పోలీసులో ఊరివాళ్లో దాటిస్తూ ఉండాలి. మూడూ ఉంటేనే కదలండి. ఒక్కొక్కరుగా, మాట్లాడకుండా, ఆగకుండా దాటండి. ఒక మనిషి పక్కన నిలబడి కొండపైకే చూస్తూ ఉండాలి. పెద్దవాళ్ల సామాను కూలీకి ఇచ్చేసి వాళ్ల చేతులు ఖాళీగా ఉంచండి.

రాత్రి బస. తాతోపానీలో నది ఒడ్డు గది అందంగా ఉంటుంది. వానాకాలంలో వద్దు. నదికి దూరంగా, వెనక కొండ ఆనుకోని ఇంట్లో పై అంతస్తు అడగండి. బూట్లు, టార్చి, కాగితాల సంచి మంచం పక్కనే పెట్టుకుని పడుకోండి.

సాలగ్రామాల కోసం కాళీగండకీలోకి దిగే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ నల్లటి నీళ్లలో అడుగు ఎక్కడుందో తెలియదు, పై ఊళ్లలో పడ్డ వాన ఇక్కడికి ఎప్పుడొస్తుందో కూడా తెలియదు. ఆసక్తి ఉన్నవాళ్లు ఒడ్డున ఊళ్లలో అడగండి.

## 8. ఎత్తు విషయంలో

వాన ధ్యాసలో పడి చాలామంది దీన్ని మర్చిపోతారు. తలనొప్పి, ఆకలి లేకపోవడం, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. అవి కనిపిస్తే ఇంకా పైకి వెళ్లొద్దు. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అప్పటికప్పుడు కిందికి దించాలి. తెల్లారేదాకా చూద్దాం అనకండి. దారి మూసి ఉండి దించలేకపోతే జోమ్‌సోమ్‌లో జిల్లా ఆసుపత్రి ఉంది.

ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బంది రాకుండా వాడే డయామాక్స్ మాత్ర గురించి బయల్దేరేముందే మీ డాక్టరుని అడిగి వాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు తప్పకుండా అడగాలి.

## 9. గుడి దగ్గర

జీపు రాణీపౌవా దాకా వస్తుంది. అక్కడి నుంచి గుడికి సుమారు అరగంట నడక, చివర్లో మెట్లు. గుర్రాలు, బైకులు దొరుకుతాయి.

గుడి వెనక 108 ధారలు, ముందు రెండు కుండాలు. నీళ్లు మంచులా ఉంటాయి. కుర్రవాళ్లు ధారల కింద పరుగెత్తి వెళ్లొచ్చు. పెద్దవాళ్లకి, షుగర్, గుండె మందులు వాడేవాళ్లకి తలమీద చల్లుకుంటే చాలు. అత్తయ్యగారు ఒప్పుకోకపోతే చివరి రెండు మూడు ధారల దగ్గర చెయ్యి పట్టుకుని నిలబెట్టండి, కుండంలో మునక మాత్రం వద్దు.

స్నానానికి ముందే పొడి బట్టలు, తువ్వాలు పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉండాలి. తడిబట్టలతో దర్శనం వరసలో నిలబడొద్దు. మధ్యాహ్నం గాలి లేచేలోపు కిందికి బయల్దేరండి.

## 10. ఎక్కువమంది చేసే తప్పులు

- పైకి వెళ్లేటప్పుడే ఓపికంతా వాడేయడం. దర్శనం అయ్యాక తొందర పుడుతుంది, జాగ్రత్త సడలుతుంది. దిగేరోజు ఉదయం కూడా 6వ భాగంలోని వరస మొత్తం మళ్లీ చేయండి.
- వాగు నీళ్లు తేటగా ఉన్నాయని తాగడం. కాచినవే తాగండి. విరేచనాలు పట్టుకుంటే ఆ దారిలో బాత్‌రూములు కూడా ఉండవు. పచ్చి సలాడ్, కోసిన పళ్లు వద్దు.
- జలగని లాగేయడం. ఉప్పు చల్లితే అదే రాలుతుంది. తర్వాత సబ్బుతో కడిగి గట్టిగా అదమండి.
- గుంపులో ఒక్కరి ఫోన్ మీదే ఆధారపడడం. నేపాల్ సిమ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.
- "మనకంటే ముందు బస్సు వెళ్లింది కదా" అనుకోవడం. ఆ బస్సు అటు చేరిందో లేదో మీకు తెలియదు.

## 11. ఇరుక్కుపోతే

ముందు పైకప్పు ఉన్న చోటు, తర్వాత భోజనం, ఆ తర్వాతే ఫోన్లు. దారి మూసుకోగానే గదులు నిమిషాల్లో నిండిపోతాయి, అందుకని ఒకరు పరిస్థితి కనుక్కునేలోపు ఇంకొకరు గది మాట్లాడాలి.

పోలీసు 100, అంబులెన్స్ 102, పర్యాటక పోలీసు 1144. ఖాట్మండులోని మన రాయబార కార్యాలయం నంబరు బయల్దేరేముందే కాగితం మీద రాసుకుని ఉండాలి. ఫోన్ ఛార్జింగ్ పొదుపుగా వాడండి: రోజుకి రెండుసార్లు ఆన్ చేసి ఇంటికి ఒకే రకం మెసేజ్ పెట్టండి. ఏ ఊరు, ఎంతమందిమి, అందరూ ఎలా ఉన్నారు, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతాం.

రైలు వెళ్లిపోతుంటే టికెట్ రద్దు చేసే పని ఇంట్లోవాళ్లకి అప్పగించండి. దాని వివరాలు, రోజువారీ బస ఊళ్ల పేర్లు, డ్రైవర్ నంబరు వాళ్ల దగ్గర ముందే ఉండేలా బయల్దేరే రాత్రే పంపించేయండి.